ఇన్వర్టరు బ్యాటరీకి పట్టే మైలుతుత్తం

కరెంటు పోయిన పది నిమిషాలకే ఇన్వర్టరు కీచుమని ఆగిపోతే "బ్యాటరీ పోయింది" అని తేల్చేసి, వేలకు వేలు పోసి కొత్తది తెచ్చుకుంటాము. అంతకు ముందు ఒకసారి మెట్లకింది ఆ పెట్టె మూత తీసి, తీగలు బిగించిన టెర్మినళ్ళను చూడండి. తెల్లగానో నీలంగానో పొడి పేరుకుని ఉంటే లోపం అక్కడే ఉండవచ్చు.

బ్యాటరీలో ఉండేది నీరు కలిపిన గంధకామ్లం. ఛార్జి అయ్యేటప్పుడు సన్నని ఆమ్లపు తుంపర పైకి వచ్చి టెర్మినళ్ళ మీద వాలుతుంది. సీసంతో కలిస్తే తెల్లపొడి, రాగితో కలిస్తే నీలపు పొడి. ఈ నీలపుది మన పెద్దలెరిగిన మైలుతుత్తమే! తమిళంలోనూ, కన్నడంలోనూ దాదాపు ఇదే పేరు కనుక పక్కింటివారికి చెప్పినా అర్థమవుతుంది. యానాం, చెన్నై, ముంబయి వంటి చోట్ల తేమ, ఉప్పుగాలి కూడా తోడవుతాయి.

ఈ పొడి కరెంటుకు అడ్డం. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు కలిసి 400 వాట్లు అనుకుంటే 12 వోల్టుల బ్యాటరీనుంచి సుమారు 35 ఆంపియర్లు ప్రవహించాలి. బిగింపు దగ్గర 1 వోల్టు నష్టమైనా 35 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారి సాల్డరింగ్ ఐరనుకు ఉండేది ఇంచుమించు అంతే. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు కరిగేది అందుకే.

శుభ్రం చేయడం కష్టం కాదుగాని, తొందర పనికిరాదు. ఇన్వర్టరు స్విచ్చి ఆపి, గోడ ప్లగ్గు కూడా తీసి, కిటికీలు తెరవండి. బ్యాటరీనుంచి వచ్చే హైడ్రోజను గాలిలో 4 శాతం చేరినా నిప్పురవ్వకు పేలుతుంది. పూజగది పక్కనే బ్యాటరీ పెట్టుకున్నవారు దీపం, అగరువత్తి సంగతి మరువకూడదు. చేతికున్న గాజులు, ఉంగరాలు తీసేయండి; బంగారమైనా రెండు టెర్మినళ్ళకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి.

ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్ తీగ విప్పాలి. గ్లాసు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుస పొంగుతుంది. పొంగు ఆగేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. నీళ్ళుపోసే బిరడాలు మాత్రం గట్టిగా మూసి ఉండాలి; సోడా లోపలికి దిగితే ఆమ్లమే చెడుతుంది. కొందరు కూల్‌డ్రింకు పోస్తారు. పొడి కరిగినా చక్కెర జిగురు మిగులుతుంది. ఆ సలహా నాకు నచ్చదు.

బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. బిగించాకనే పైన పలుచగా వాసెలిన్ రాయండి.

ఆమ్లం కంట పడితే సోడానీళ్ళు వాడకండి. పదిహేను నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తెల్లపొడిలో సీసం ఉంటుంది కనుక ఆ బ్రష్‌ను, గుడ్డను పిల్లలకు అందకుండా పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్ళండి.