అమ్మా... అయిపోయింది!

బాత్రూంలోంచి కేక. పోపు మాడుతున్నా సరే, అమ్మ స్టవ్ కట్టేసి పరుగెత్తాలి. కడగాలి, తుడవాలి, నిక్కరు తొడగాలి. రెండేళ్ల పిల్లకైతే తప్పదు. ఏప్రిల్లో ఎల్‌కేజీకి వెళ్లబోయే పిల్ల కూడా కాళ్లూపుకుంటూ అమ్మ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే? పక్క తడపడం మానేసింది, వస్తే చెబుతోంది, ఇక మన పని అయిపోయిందనుకుంటాం. నిజానికి సగమే అయింది. బడి బాత్రూంలో అమ్మ ఉండదు.

జంషెడ్‌పూర్‌లోని మన తెలుగిళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి టాటా కంపెనీ పనికి వచ్చి కద్మా, సోనారి, బిష్టుపూర్, టెల్కోల్లో స్థిరపడిన కుటుంబాలు తరాలు గడిచినా ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. అది చాలా మంచి విషయం. కానీ పిల్లకు ఇంట్లో నేర్పిన మాట ‘ఒంటికి, రెంటికి’. బడిలో టీచరుకు తెలిసిన మాట ‘సుసు, పాటీ’. క్లాసు మధ్యలో లేచి ‘రెంటికి’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ఒకసారి అర్థం కాకపోతే ఆ పిల్ల మళ్లీ అడగదు. బిగబట్టుకుంటుంది. బడికి పంపే ముందే ఆ రెండు మాటలూ నేర్పండి. పలక మీద అక్షరాలకన్నా ముందు కావాల్సినవి అవే.

బిగబట్టుకోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. లోపల నిలిచిన మలంలోని నీటిని పెద్దపేగు పీల్చేస్తుంది. అది గట్టిపడుతుంది. వెళ్లేటప్పుడు నొప్పెడుతుంది, ఆ నొప్పికి భయపడి పిల్ల ఇంకా బిగబడుతుంది. కొన్నాళ్లకు గట్టిపడ్డ ముద్ద పక్కల నుంచి పలచగా కారి చెడ్డీకి మరకలవుతాయి. ఇంట్లో వాళ్లు అది బద్ధకమనుకుని తిడతారు. ఆ మరక పిల్ల తప్పు కాదు, మలబద్ధకం. డాక్టరుకు చూపించాలి. ఒంటికి ఆపుకోవడం అలవాటైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ఆడపిల్లలకు మరీను.

మరి సొంతంగా కడుక్కోవడం ఎప్పుడు నేర్పాలి? వెనకటికి మన ఊళ్లలో బడిలో చేర్చుకునేటప్పుడు కుడిచేతిని తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోమనేవాళ్లు. చెయ్యి సాగితేనే బడి. కడుక్కోవడానికీ చెయ్యి సాగాలి, అయితే ఇక్కడ అంత పొడవు అక్కర్లేదు. నాలుగు, అయిదేళ్ల మధ్య చాలామందికి వెనక్కి అందుతుంది. మూడేళ్ల పిల్లకు రావడం లేదని కోప్పడటం అన్యాయం.

మొదటి పాఠానికి మంచి చోటు స్నానాల గది. ఒంటిమీద బట్టలుండవు, తడిసినా ఫరవాలేదు. చివరి మెట్టు నుంచి మొదలుపెట్టండి. మీరు కడిగి, ఆఖరి మగ్గు మాత్రం పిల్ల చేత పోయించండి. అది వచ్చాక రెండు మగ్గులు. ఆ తర్వాత ఎడమచెయ్యి. మగ్గు చిన్నదై ఉండాలి, సగమే నింపాలి. నిండు మగ్గు ఎత్తితే పిల్ల మణికట్టు వణుకుతుంది, నీళ్లన్నీ వీపు మీదికే. ఆడపిల్లలకు ఒక్క మాట పదేపదే చెప్పండి: చెయ్యి వెనక నుంచి వెళ్లాలి, ముందు నుంచి వెనక్కే కడగాలి. అటు సూక్ష్మజీవులు ఇటు మూత్రనాళం వైపు రాకూడదు. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడం కష్టం. హెల్త్ ఫాసెట్‌ను ముందు నేల మీదికి నొక్కి చూసుకోవడం నేర్పండి, నీళ్ల జోరుకు పిల్లలు బెదిరిపోతారు.

నీళ్లు పోయడం, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం మరియా మాంటిస్సోరి పద్ధతిలో ముఖ్యమైన భాగం. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఎనభై ఏళ్లు దాటినా మనం పిల్లల గుండీలు మనమే పెడుతున్నాం! బడి రోజుల్లో బెల్టులొద్దు, ఎలాస్టిక్ నిక్కరే వేయండి.

ఇక చేతులు. ‘సబ్బు పెట్టుకో’ అని అరిస్తే ఎక్కదు. పిల్ల అరచేతుల్లో కాస్త నూనె, చిటికెడు పసుపు వేసి రుద్దించండి. ఉత్తి నీళ్లతో కడగమనండి. గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్య పసుపు అలాగే ఉంటుంది. వేళ్లు విప్పి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది. అప్పుడు సబ్బు ఇచ్చి ఇరవై వరకు నింపాదిగా లెక్కపెట్టించండి. ఇక చెప్పక్కర్లేదు. గోళ్లు మాత్రం ఆదివారం ఆదివారం మీరే తీయండి. నులిపురుగుల గుడ్లు దాక్కునేది అక్కడే. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా వేసే ఆల్బెండజోల్‌ను మానిపించొద్దు.

తనంతట తాను కడుక్కునే పిల్లకు తన ఒళ్లు తనదని తెలుస్తుంది. అవసరమైతే ఎవరు సాయం చేయొచ్చో, ఎవరు ముట్టుకోకూడదో అప్పుడే చెప్పాలి. ఒంట్లో భాగాలకు సరైన పేర్లు చెప్పండి, సిగ్గుపడకండి. ‘ఛీ, కంపు’ అన్న మాట మాత్రం బాత్రూం గుమ్మం తొక్కకూడదు.

నాన్నలకూ ఒక మాట. ఎనిమిది గంటల పనిదినం ఈ ఊరి కర్మాగారానికి 1912లోనే వచ్చింది. ఎ షిఫ్ట్ అయినా, బి షిఫ్ట్ అయినా మిగిలిన పదహారు గంటల్లో పది నిమిషాలు ఈ పాఠానికి ఇవ్వండి. ఇది అమ్మ ఒక్కదాని పని కాదు.

ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల కాగితం తీసుకునే ముందు చిన్నపిల్లల బాత్రూంలోకి తొంగి చూడండి. కుళాయి అందుతోందా, మగ్గుందా, సబ్బుందా, లోపలి గడియ ఆ చిన్న వేళ్లతో వస్తుందా? లేకపోతే అక్కడే, ఆ రోజే అడగండి.