ట్రైలర్ వీసా వచ్చిందని తమ్ముడు ఫోన్ చేస్తే

"అక్కా, ట్రైలర్ డ్రైవర్ వీసా అంట. ఈ వారంలో డబ్బు కట్టమంటాండాడు ఏజెంటు." కువైట్‌లో పనిచేసే మన ఆడవాళ్ళలో ఇలాంటి ఫోన్ అందుకోనివాళ్ళు తక్కువ. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపైనా, గోదావరి జిల్లాలైనా, ఇంట్లో ఒకరు ఇక్కడ ఉంటే రెండో మనిషి వీసా డబ్బు చాలాసార్లు ఆమె జీతంలోంచే వెళ్తుంది. కట్టేది మీరైనప్పుడు అడగాల్సిందీ మీరే.

మొదట వీసా నంబరు అడగండి. 18 అయితే కంపెనీ వీసా, మనవాళ్ళు షూన్ అనేది. 20 అయితే ఇంటిపని వీసా, అదే ఖాదిం. రెండింటి మీదా "డ్రైవర్" అనే రాసి ఉండొచ్చు. కానీ ఖాదిం మీద వచ్చినవాడు కఫీల్ ఇంటి కారు నడపాలి తప్ప కంపెనీ ట్రైలర్ ఎక్కకూడదు. పట్టుబడితే ఇంటికి పంపేస్తారు. "ముందు 20 మీద రా, తర్వాత మారుద్దాం" అనే మాట నమ్మకండి. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు అలా మారే అవకాశం ఇచ్చారు నిజమే. అలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుందని అప్పు చేస్తాం?

ఊళ్ళో పదేళ్ళు లారీ తోలిన అనుభవం పనికొస్తుంది కానీ, మన హెవీ లైసెన్సు ఇక్కడ చెల్లదు. స్టీరింగ్ ఎడమ పక్క, బండి రోడ్డుకు కుడి పక్క. ఇక్కడి పరీక్ష పాసై, ఇక్కడి లైసెన్సు తీసుకున్నాకే బండి ఇస్తారు. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ రోజులకు జీతం ఉందా, గది, తిండి ఎవరివి? ఈ ఒక్క ప్రశ్నకు ఏజెంటు ఎలా నీళ్ళు నములుతాడో చూస్తే మిగతా సంగతి మీకే అర్థమవుతుంది.

కువైట్ చిన్న దేశం. ఉన్న ఊరు దాటి దూరం పోవాలంటే సరిహద్దు దాటాల్సిందే. నువైసీబ్ మీదుగా ఖఫ్జీ, అక్కడినుంచి దమ్మామ్. సాల్మి మీదుగా హఫర్ అల్ బాతిన్, రియాద్. దుబాయి లోడైతే సౌదీ అంతా దాటుకుని 1,200 కిలోమీటర్ల పైమాటే. అయితే ఈ ఉద్యోగంలో అలసట దూరం వల్ల కన్నా ఎదురుచూపుల వల్లే ఎక్కువ. షువైఖ్, షుఐబా పోర్టుల్లో లోడు కోసం, బోర్డర్‌లో కస్టమ్స్ కోసం, ఊళ్ళో రద్దీ వేళ ట్రక్కుల్ని ఆపేసినప్పుడు రోడ్డు పక్కన. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని నిబంధన ఉంది. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి మాత్రం ఏసీయే దిక్కు. బండి ఏసీ పనిచేస్తుందా అని అడగడం చిన్నతనమేమీ కాదు.

ఇక డబ్బు. జీతం 220 దినార్లు అన్నారనుకోండి. కాంట్రాక్టులో 120 రాసి, మిగతా 100 ట్రిప్పుల మీద వస్తుందని నోటిమాటగా చెప్తారు. ట్రిప్పు లేని నెలలో 120 మాత్రమే. ఉద్యోగం ముగిసినప్పుడు వచ్చే సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. చేతికిచ్చిన ట్రిప్పు డబ్బు కూడా జీతమేనని అప్పుడు రుజువు చేసుకోవడం కష్టం. ట్రిప్పు రేటు, బోర్డర్‌లో ఆగిన రోజు బత్తా రెండూ కాగితం మీదికి రావాలి. జరిమానాలు ఎవరివో కూడా. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. రెడ్ సిగ్నల్ దాటితే 150 దినార్లు, నడుపుతూ ఫోన్ పట్టుకుంటే 75. 120 జీతంలో అదెంతో లెక్కేయండి.

రిజిస్టరైన ఏజెంటు మన దగ్గర తీసుకోగలిగే సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షల్లో అడిగేవాడి పేరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో ముందు వెతకండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి నిబంధనలకు విరుద్ధం. అయినా ఉంచుకునేవాళ్ళు ఉన్నారు, కనుక ఫోటో కాపీ మీ దగ్గర పెట్టుకోండి. 2025 జూలై 1 నుంచి 18 వీసావాళ్ళు దేశం దాటాలంటే కంపెనీ అనుమతి కావాలి. అది ఫోన్ యాప్‌లోనే అడగొచ్చు. వచ్చిన వారంలోనే సహెల్ యాప్ వేసి, వాడటం నేర్పించండి. ఇంట్లో ఏదైనా జరిగి ఉన్నపళంగా బయలుదేరాల్సి వస్తే అప్పుడు నేర్చుకునే తీరిక ఉండదు.

ట్రైలర్లకు పక్కన ఒక పెట్టె ఉంటుంది. స్టవ్, బియ్యం, పప్పు అందులోనే. బోర్డర్ క్యూలో వంట చేసుకు తింటారు. మీరు పచ్చడి పంపండి, కారప్పొడి పంపండి. గసగసాలు మాత్రం వద్దు, అవి వేసిన మసాలా పొడి కూడా వద్దు. సౌదీలో, ఎమిరేట్స్‌లో అవి మత్తుపదార్థాల కింద లెక్క, వంటకే అని చెప్పినా వినరు. ఊరినుంచి తెచ్చుకున్న దగ్గుమందు, నొప్పి మాత్రలు కూడా డాక్టరు చీటీ లేకుండా బండిలో ఉండకూడదు. "ఈ పార్సిల్ దమ్మామ్‌లో మావాడికి ఇచ్చేయ్" అని ఎవరైనా ఇస్తే, ఇచ్చింది మేనమామే అయినా తీసుకోవద్దని చెప్పండి. క్యాబిన్‌లో దొరికిన దానికి డ్రైవరే జవాబుదారీ.