లోపం జన్యువుదా, కులానిదా?

“ఫలానా కులంవాళ్ల రక్తంలోనే లోపం ఉందని సైన్సే తేల్చింది” అనే అపోహ జన్యు పరిశోధనల వార్త వచ్చినప్పుడల్లా పుడుతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఖాజీపేటల్లో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న ఆర్యవైశ్యుల విషయమే తీసుకుందాం. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం వైశ్యుల్లో ఇతరులకంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో నేచర్ జెనెటిక్స్‌లో రాసిన వ్యాసం ఈ సంగతిని ప్రస్తావించింది. ఈ లోపం ఉన్న మనిషికి రోజువారీ బతుకులో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ బల్ల మీదే తేడా తెలుస్తుంది. గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తుంటారు. మామూలుగా అది కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. ఈ ఎంజైమ్ పనిచేయనివాళ్లకు గంటల తరబడి దిగకపోవచ్చు, ఊపిరి తీసుకునే కండరాలు కూడా కదలవు. మందు దిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచితే కోలుకుంటారు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు. ఇందులో కులాన్ని తక్కువచేసే మాట ఎక్కడుంది?

పైగా ఇది ఒక్క కులం కథ కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న ఏ సమూహంలోనైనా ఏదో ఒక జన్యు మార్పు పేరుకుంటుంది. ఆ వ్యాసం దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి, 81 సమూహాల్లో ఈ ప్రభావం ఫిన్లండ్ ప్రజల్లోకన్నా, అష్కెనాజీ యూదుల్లోకన్నా బలంగా ఉందని చెప్పింది. కాబట్టి “మేనరికం మానేస్తే చాలు” అన్నదీ సగం నిజమే. మేనరికంలో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు సుమారు రెట్టింపవుతుంది. అయినా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. దగ్గరి చుట్టరికం లేకపోయినా, ఒకే కులంలో చేసుకున్న ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తూ ఉండొచ్చు.

“మేలుజాతి మనుషులే పుట్టాలనే పిచ్చి హిట్లర్‌తోనే పోయింది” అనేది మరో అపోహ, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఆ ఆలోచనకు 1883లో పేరు పెట్టింది ఇంగ్లండ్‌కు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్. బలవంతపు స్టెరిలైజేషన్ సబబేనని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జర్మనీలో అలాంటి చట్టం 1933లో వచ్చింది, దాని కింద దాదాపు 4 లక్షల మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. అన్నిచోట్లా సంతకాలు పెట్టింది చదువుకున్న డాక్టర్లు, జడ్జీలే. మన దగ్గర ఏ ప్రభుత్వమూ బలవంతం చేయకుండానే స్కానింగ్ గదుల్లో ఆడపిండాలను ఏరిపారేశారు. 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చాక కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 2001లో 961 ఉంటే, 2011కి 939కి పడిపోయింది. ఎవరు పుట్టాలో ఎంచుకునే అలవాటు ఇళ్లలోనే ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

“అయితే తలసీమియాతో బిడ్డ నెలనెలా రక్తం ఎక్కించుకుంటూ బాధపడాల్సిందేనా?” అని అడిగేవారి బాధ న్యాయమైనదే. జన్యు పరీక్ష చేయించుకునే హక్కు అలాంటి బిడ్డ పుట్టే ముప్పున్న దంపతులకు ఉండాలి. అన్ని వివరాలూ విని, ఎవరి ఒత్తిడీ లేకుండా వాళ్లు తీసుకునే నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అదే పరీక్ష కాగితాన్ని సంబంధం చూసేవాళ్లో, కులసంఘమో, బీమా కంపెనీయో చేతిలోకి తీసుకుని మనుషుల్ని పనికొచ్చేవారు, పనికిరానివారు అని విడదీస్తేనే ఒప్పుకోను. లోపాన్ని మోసేవారికి సాధారణంగా జబ్బు ఉండదు, అయినా ముందు తిరస్కారం వాళ్లకే ఎదురవుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగడం చాలా ఆలస్యమై ఉంటే, తర్వాతి ఆపరేషన్‌కు ముందు ఆ సంగతి మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. పెళ్లిచూపుల్లో మాత్రం దాన్ని ఒక వంకగా వాడకండి.