పట్టాలు పోయిన చోట సైకిళ్ళు

స్పెయిన్ ఈశాన్య మూలన, ఫ్రాన్స్ సరిహద్దుకు దగ్గరగా, కాటలోనియాలో గరోచా అనే చిన్న ప్రాంతం ఉంది. ఓలోట్ అనే ఒక పట్నం, దాని చుట్టూ ఇరవై దాకా ఊళ్ళు. ఈ కాస్త నేలలోనే నలభై వరకూ అగ్నిపర్వతాలున్నాయి. వాటిలో నాలుగు ఓలోట్ పట్నంలోనే ఇళ్ళ మధ్య గుట్టల్లా నిలబడ్డాయి. పొద్దున్నే వాటిలో ఒకటైన మోంత్‌సకోపా ఎక్కి, దాని బిలం చుట్టూ ఒక చుట్టు నడిచి, దిగి వచ్చి బజార్లో కాఫీ తాగి పనికి పోయే మనుషులున్న ఊరది.

భయపడాల్సిందేమీ లేదు. ఇక్కడ చివరిసారి నిప్పు కక్కింది క్రోస్కాట్ అనే కొండ. అదీ పదకొండు నుంచి పదమూడు వేల ఏళ్ళ కిందటి సంగతి. ఆ తర్వాత అడవి పెరిగింది, పొలాలు వచ్చాయి, 1982లో చట్టం చేసి ఈ ప్రాంతానికి రక్షణ కల్పించారు. ఇవాళ సుమారు 15 వేల హెక్టార్లు ప్రకృతి ఉద్యానం. ఇప్పుడు ఈ చోటికి మరో పేరు కూడా వచ్చింది. కార్ల బెడద లేకుండా కంకర దారుల మీద సైకిల్ తొక్కాలనుకునేవాళ్ళు యూరప్ నలుమూలల నుంచీ ఇటు వస్తున్నారు.

వాళ్ళు తొక్కేది గ్రావెల్ బైక్. చూడ్డానికి వంపు హ్యాండిల్ ఉన్న రేసు సైకిలే. తేడా అంతా టైరులో ఉంది. రేసు సైకిల్ టైరు వెడల్పు పాతిక ముప్ఫై మిల్లీమీటర్లైతే, దీనిది నలభై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వెడల్పు టైరులో గాలి తక్కువ ఒత్తిడితో ఉన్నా సరిపోతుంది. గాలి మెత్తగా ఉన్న టైరు గులకరాయి మీదికి వచ్చినప్పుడు ఎగిరిపడదు, రాయి చుట్టూ సర్దుకుంటుంది. అందువల్ల చేతులకు, నడుముకు కుదుపు తగ్గుతుంది, మలుపులో చక్రం జారదు. డిస్క్ బ్రేకులు, ఎక్కుడుకు పనికొచ్చే తేలికైన గేర్లు మిగతా పని చూసుకుంటాయి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు మట్టిరోడ్ల మీద 2006లో మొదలైన పందెం ఈ మోజుకు పెద్ద ఊపునిచ్చింది. 2022 నాటికి దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా వచ్చేసింది.

సైకిల్ ఎంత మంచిదైనా, తొక్కడానికి దారి కావాలి కదా. గరోచాకు ఆ దారిని ఇచ్చింది ఒక నష్టం: రైలు ఆగిపోవడం.

ఓలోట్ నుంచి జిరోనా నగరానికి ఒకప్పుడు బుల్లి రైలు నడిచేది. స్థానికులు దాన్ని ‘కరిలెట్’ అనేవాళ్ళు. 1895లో జిరోనా వైపు నుంచి మొదలై, అంచెలంచెలుగా కొండలెక్కుతూ 1911కి ఓలోట్ చేరింది. పట్టాల మధ్య ఎడం 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులకు కాస్త తక్కువ. బస్సులు, లారీల పోటీకి నిలవలేక 1969లో మూతబడింది. పట్టాలు పీకేశారు. అయినా గట్లు, వంతెనలు, కొండను తొలిచిన కోతలు, స్టేషన్ల గోడలు మిగిలాయి. మిగిలినవాటిలో అన్నిటికన్నా విలువైనది వాలు. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ, కాబట్టి రైలు నిట్టనిలువు ఎక్కలేదు. ఇంజినీర్లు కొండను చుట్టి చుట్టి, వంద మీటర్లకు రెండు మూడు మీటర్లకు మించి ఎక్కకుండా దారి వేయాల్సి వచ్చింది. ఆనాడు బొగ్గు ఇంజన్‌కు చేసిన ఆ ఉపకారం ఈనాడు అరవై దాటినవాళ్ళ మోకాళ్ళకు కూడా దక్కుతోంది.

స్పెయిన్‌లో ఇలా మూతబడిన రైలు మార్గాలు వేల కిలోమీటర్లు. వాటిని నడకకు, సైకిళ్ళకు ఇచ్చేసే పచ్చదారుల పథకాన్ని 1993లో మొదలుపెట్టారు. దేశం మొత్తం మీద ఇప్పుడవి 3,000 కిలోమీటర్లు దాటాయి. ఓలోట్–జిరోనా దారి వాటిలో పేరున్నది, 50 కిలోమీటర్లకు పైబడిన పొడవు. సాంత్ ఫెలియు ద పల్యెరోల్స్, అమేర్ లాంటి ఊళ్ళ మీదుగా వెళ్తుంది.

మనకూ ఇలాంటి రైలు ఒకటి ఉండేది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన లైను 1900లో మొదలైంది. అదీ రెండున్నర అడుగుల పట్టాలదే, దాదాపు ఈ కరిలెట్ ఈడుదే. దాని కథ వేరేగా ముగిసింది: ఒడిశాలోని గుణుపురం దాకా సాగి, ఆ తర్వాత బ్రాడ్‌గేజ్‌గా మారి, ఇవాళ్టికీ రైలుగానే బతికుంది. జనానికి రైలు అక్కర ఉన్న చోట అదే సరైన పని. సైకిల్ దారి కోసం నడిచే రైలును ఆపమని ఎవరూ అడగరు. అయితే ఎప్పుడో వదిలేసిన పాత లైన్ల కట్టలు ముళ్ళపొదల్లో, ఆక్రమణల్లో కలిసిపోతుంటే చూస్తూ ఊరుకోనక్కర్లేదని గరోచా చూశాక అనిపిస్తుంది.

ఓలోట్ వదిలిన కొద్దిసేపటికే లెస్ ప్రెసెస్ ఊరి దగ్గర నేల వింతగా ఉంటుంది. క్రోస్కాట్ నుంచి పారిన లావా గడ్డకట్టి, గుల్లగుల్ల రాళ్ళుగా పరుచుకున్న చోటది. 18, 19 శతాబ్దాల్లో బీద రైతులు ఆ రాళ్ళు ఏరి, గుట్టలుగా పోసి, మధ్యలో దొరికిన జానెడు మట్టిలో పంట వేశారు. ఆ రాతి గుట్టల మధ్యే ఓలోట్‌కు చెందిన ఆర్‌సీఆర్ అనే వాస్తుశిల్పుల సంస్థ తుప్పు రంగు ఉక్కు పలకలతో ఒక పార్కు తీర్చింది. ఆ సంస్థను నడిపే ముగ్గురికీ 2017లో వాస్తుశిల్ప రంగపు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. సైకిల్ మీద ఉన్నవాళ్ళు చాలామంది ఇటు చూడకుండానే దాటిపోతారు. అది పొరపాటు.

ఒక తమాషా కూడా చెప్పాలి. అగ్నిపర్వతాల ఉద్యానంలో తొక్కుతున్నామనుకుంటాం గానీ ఈ పచ్చదారిలో చక్రం కింద చాలాచోట్ల ఉండేది లావా కాదు. గ్రానైటు రాయి అరిగి ఏర్పడిన గరుకు ఇసుకను పోసి, దిమ్మిస కొట్టిన దారి అది. అసలు అగ్నిపర్వతపు కంకర చూడాలంటే క్రోస్కాట్‌కే పోవాలి. బిలంలోంచి ఎగజిమ్మిన లావా తుంపరలు గాల్లోనే చల్లారి, నురగలా బుడగలు నిండిన నల్లటి, ఎర్రటి రాళ్ళై రాలాయి. వాటిలో నీరు నిలవదు. తాండూరు వైపు నల్లరేగడి కూడా లావా శిలలోంచి పుట్టిందే. అయితే అక్కడి లావాకు ఆరున్నర కోట్ల ఏళ్ళు. అన్నేళ్ళ ఎండకూ వానకూ శిల చివికి బంకమట్టి అయింది, అందుకే వానాకాలంలో చక్రానికి అంటుకుని వదలదు. గరోచా కంకరకు అంత వయసు లేదు. ఓలోట్‌లో వాన పడకపోతే ఇంకెక్కడా పడదని అక్కడ సామెత. అంత తడి ప్రాంతంలోనూ ఆ నేల తొందరగా ఆరిపోతుంది.

ఆ కంకరే క్రోస్కాట్ ప్రాణం మీదికి తెచ్చింది. తేలికైన రాయి కాబట్టి కట్టడాలకు గిరాకీ. దశాబ్దాలపాటు కొండను కేకు కోసినట్టు కోసి లారీల్లో తోలారు. 1970లలో స్థానికులు, ప్రకృతి ప్రేమికులు గట్టిగా అడ్డం తిరిగారు. 1982 చట్టం ఆ పోరాట ఫలితమే. అయినా తవ్వకం వెంటనే ఆగలేదు, 1990ల మొదట్లో గానీ పూర్తిగా మూతపడలేదు. సుమారు అర కిలోమీటరు పొడవున మిగిలిన ఆ గాయం ఇప్పుడు అగ్నిపర్వతం కడుపులో ఏముంటుందో పొర పొరగా చూపించే బడి అయింది. పిల్లల్ని గుంపులుగా తీసుకొచ్చి చూపిస్తారు.

క్రోస్కాట్ పక్కనే సాంతా మర్గరీదా. గుండ్రటి పెద్ద బిలం, అడుగున పచ్చిక మైదానం, మధ్యలో ఒంటరిగా ఓ చిన్న చర్చి. 1428 భూకంపంలో కూలితే మళ్ళీ కట్టారు. ఇంకోవైపు లావా ప్రవాహం మీదే పెరిగిన ఫజేదా దెన్ జొర్దా బీచ్ చెట్ల అడవి. మామూలుగా ఈ చెట్లకు ఇంకా ఎత్తు కావాలి. ఇక్కడ తేమ వల్ల 550 మీటర్ల దగ్గరే గుబురుగా ఎదిగాయి. ఆ అడవిలోనే ఒక సహకార సంఘం పెరుగు తయారుచేస్తుంది. మానసిక రుగ్మతలున్నవాళ్ళకు పని కల్పించాలని ఒక మనస్తత్వవేత్త 1982లో స్థాపించిన సంఘమది. కాటలోనియా అంతటా దాని పెరుగు అమ్ముడవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇవన్నీ పచ్చదారి ఒడ్డున లేవు. పక్కదారుల్లో వెళ్ళాలి. ఉద్యానంలోని కాలిబాటలన్నింటా సైకిల్‌కు అనుమతి లేదు. లావా కంకర వాలు మీద చక్రం ఒరిపిడికి నేల కోసుకుపోతుంది, పైగా నడిచేవాళ్ళు చాలామంది. బోర్డు కనిపించిన చోట సైకిల్‌కు తాళం వేసి నడవడమే మర్యాద. పచ్చదారి మీద కూడా కార్లు లేవంటే అసలే లేవని కాదు. అక్కడక్కడా రోడ్లు దాటాలి, ఊళ్ళలో కొన్ని వీధుల మీదుగా పోవాలి.

ఆకలి వేస్తే సాంతా పావ్ ఊరి చిన్న తెల్ల చిక్కుడు గింజల కూర అడగండి. అగ్నిపర్వతపు మట్టిలో పండే ఆ గింజలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ప్రయాణం మాత్రం ఓలోట్ నుంచే మొదలుపెట్టండి. తొలి పది కిలోమీటర్లు మెల్లగా ఎక్కి 600 మీటర్ల కనుమ చేరితే, అక్కణ్ణుంచి 70 మీటర్ల ఎత్తున ఉన్న జిరోనా దాకా దాదాపు అంతా దిగుడే. అక్టోబరు చివర వెళ్తే బీచ్ ఆకులు రంగు మారే కాలం కూడా కలిసొస్తుంది. వానకోటు మర్చిపోవద్దు.