విత్తనపు కందిని ఎంచుట

కంది మనకు క్రొత్త పైరు కాదు. దీని పుట్టినిల్లు భారతదేశమేయనియు, దీనికి మిక్కిలి దగ్గరి చుట్టమైన అడవికంది నేటికిని తూర్పు కనుమలలో దొరకుచున్నదనియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

నా తప్పొకటి మొదటనే ఒప్పుకొనవలెను. ఒక యేడు చేలో అన్నిటికంటె ఎత్తుగాను, గుబురుగాను పెరిగిన పది చెట్లకు గుర్తు కట్టి, వాని గింజలను వేరుగా విత్తనమునకు దాచితిని. మరుసటి యేడు విత్తి చూడగా తక్కిన చేనికంటె వీసమెత్తు మేలు కానరాలేదు. తరువాత తెలిసినది: ఆ పదియును గట్టు వెంబడి, పెంటపోగు వేసిన మూలన నున్నవే! అవి పెరిగినది నేల బలముచేత గాని విత్తన గుణముచేత గాదు.

కంటికి కనబడు ఎదుగుదలలో రెండు పాళ్లు కలిసియుండును. ఒకటి బీజముతో వచ్చునది. రెండవది నేలయు నీరును ఇచ్చునది. మొదటిదే సంతానమునకు దిగును. వీనిని విడదీయుట యెట్లు? వేర్వేరు ఊళ్ల నాటు రకములను ఒకే చేలో, ఒకే దినమున, ఒకే ఎడమున విత్తవలెను. ఒక్కొక్క రకమును మూడు నాలుగు చోట్ల సాళ్లుగా విత్తవలెను. ఒక రకము అన్ని చోట్లను ముందుగా పూచినచో అది బీజగుణము. ఒక చోట ముందుగాను, మరియొక చోట వెనుకగాను పూచినచో నేల గుణము. పూతకు పట్టు దినములు చాలవరకు బీజమును బట్టియే యుండును. కొమ్మల సంఖ్యయు, కాయల సంఖ్యయు నేలకు ఎక్కువగా లొంగును.

ఎత్తు సంగతి చిత్రమైనది. నాటు కంది పగళ్లు కుఱుచయైనగాని పూయదు. అందుచేత తొలకరిలో విత్తిన చెట్టు మనిషిని మించి పెరుగును. అదే విత్తనము ఆశ్వయుజమున విత్తినచో పొట్టిగా నుండగనే పూతకు వచ్చును. కావున వేర్వేరు దినముల విత్తినవానిని పోల్చరాదు.

పటాన్‌చెరువు దగ్గర 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థ 13,000కు పైగా కంది నమూనాలను భద్రపరచియున్నది. వానిలో 120 దినములలోపుగనే కోతకు వచ్చునవి కలవు. 200 దినములు దాటునవియు కలవు. ఎదుగుదలయే సర్వము కాదు. ఎండు తెగులును తట్టుకొను మారుతి కంది మహారాష్ట్రపు నాటు విత్తనమునుండి ఏరి తీసినదే.

ఇంకొక చిక్కు కలదు. తేనెటీగలు ప్రక్క చేని పుప్పొడిని తెచ్చి రకములను కలిపివేయును. అందుచేత ఏరిన చెట్ల కొమ్మలకు మొగ్గ విచ్చకముందే పలుచని గుడ్డసంచి తొడుగవలెను. లోపలి పూవులు తమ పుప్పొడితోనే కాయలు పట్టును. ఈ యేడు నేను సంచులు కట్టినది చేని నడుమనున్న చెట్లకు. గట్టు ప్రక్కకు పోలేదు.