మౌంటు రోడ్డున పుస్తకముల మేడ

నగరి నుండి నేతబట్టలు అమ్ముకొనుటకో, చుట్టములను చూచుటకో చెన్నపట్టణము పోవు మనవారు మౌంటు రోడ్డున తెల్లని మేడ యొకటి చూచియే యుందురు. ఏ దొరగారి నివాసమో యని చిన్ననాట నేను భ్రమపడితిని. అది హిగ్గిన్‌బాతమ్స్ వారి పుస్తకముల అంగడి.

ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాతమ్ అను ఆంగ్లేయుడు వెస్లియన్ మిషనువారి పుస్తకశాలలో పనిచేయుచు, అది సాగకపోగా తానే కొని, 1844లో ఈ వర్తకమును నెలకొల్పెను. 1888, 1889 సంవత్సరములలో ఆయన చెన్నపట్టణపు షెరీఫుగా నుండెను. పుస్తకములమ్మి అంతటి గౌరవమందినవారిని మఱియొకరిని నేనెఱుగను! 1891లో ఆయన కాలధర్మము నొందెను. ఇప్పటి మేడ 1904లో వెలసినది గనుక దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయినది.

మేడ కప్పు మిక్కిలి యెత్తు. ఇది డంబమునకు గాదు. సముద్రపు గాలికి కాగితము చెమ్మగిల్లును, పురుగు పట్టును. వేడిగాలి పైకెగయుటకు చోటుండినచో క్రింద పుస్తకములకును మనుష్యులకును సుఖము.

అదే బాటనున్న స్పెన్సరు కంపెనీవారి పాత కట్టడము అగ్నికి ఆహుతికాగా, అచ్చట వేఱొక భవనము లేచినది. ఇక్కడ యజమానులు మారిరి, బాట పేరు సైతము అణ్ణా సాలై యయ్యెను. అమ్మునవి మాత్రము నేటికిని పుస్తకములే. ఈసారి పోయినపుడు లోనికి పొండు. ఏమియు కొనకున్నను, తలయెత్తి ఆ కప్పును చూచి రావచ్చును.