చెప్పితే సెల్లు లాక్కొంటారేమో!



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు మెట్ట గ్రామాలలో నాయన కువైట్‌లో, పిల్లలు అవ్వ దగ్గర ఉన్న ఇండ్లు మనకు క్రొత్త కాదు. కొన్ని ఇండ్లలో వెళ్లినది తల్లి. కువైట్ గడియారము మన గడియారముకంటె రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ రాత్రి 8 గంటలకు పని ముగించుకొని నాయన ఫోను చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది. అవ్వకు ఇమోలో వీడియో కాల్ ఎత్తడం చేతకాదు. అందుచేత సెల్లు మనుమరాలి దిండు ప్రక్కన ఉంటుంది. నాయన మాట్లాడి పెట్టేసిన తరువాత కూడ అది అక్కడే ఉంటుంది.

కాబట్టి "పిల్లల చేతికి సెల్లు ఇవ్వకండి" అని ఒక్క మాట చెప్పి ఊరకుండుట మన ఇండ్లకు పనికివచ్చే సలహా కాదని మేము తలంచుచున్నాము. ఆస్ట్రేలియా దేశము 16 ఏండ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటిలో ఖాతాలు ఉండరాదని చట్టము చేసి 2025 డిసెంబరు 10 నుండి అమలుపరచినది. మంచిదే. అయితే ఇంటికంతటికి ఒకే సెల్లు, ఖాతా కూడ నాయన పేరుననే ఉన్నచోట, దానిని పట్టుకొన్నది నలభై ఏండ్ల మనిషో పదమూడేండ్ల పిల్లో ఏ చట్టమునకైనను తెలియుట కష్టము.

అపాయము ఎలా వస్తుందో చూడండి. ఆడపిల్ల పేరు, ఆడపిల్ల ఫొటో పెట్టుకొన్న ఖాతా నుండి ఒక రిక్వెస్టు వస్తుంది. "నీ రీల్ చాలా బాగుంది అక్కా" అని మెచ్చుకోలు. ఇంట్లో ఎవరైనా తిడితే ఓదార్పు. కొన్నాళ్లకు "ఇక్కడ వద్దు, వాట్సాప్‌కు రా" అని పిలుపు. తరువాత ఒక ఫొటో అడుగుతారు. ఆ తరువాత ఇంకొక రకమైన ఫొటో. అది చిక్కిన రోజున మాట మారుతుంది: "నీ ఫాలోవర్లందరికీ పంపుతాను." మన పిల్లల ఫాలోవర్లలో మేనమామ ఉంటాడు, ట్యూషను మాస్టరు ఉంటారు, సంఘములోని అన్నలు, అక్కలు ఉంటారు. ఖాతా అందరికి తెరచియుంటే ఆ పేర్ల పట్టీ కూడ వానికి తెరచియున్నట్లే.

మగపిల్లలకు ఈ బెడద లేదనుకొనరాదు. వారి దగ్గర ఎక్కువగా డబ్బు అడుగుతారు. హాస్టలులో ఉండి ఇంటర్ చదివే కుర్రవాడు ఫీజు డబ్బు పంపితే, వీడు ఇచ్చేవాడని తెలిసి మరల అడుగుతారు. ఇప్పుడైతే ఏ ఫొటో పంపకపోయినను, క్రిస్మస్‌నాడు పెట్టిన మామూలు ఫొటోలోని ముఖమును కృత్రిమ మేధ సాయముతో వేరొక దేహమునకు అతికించి బెదిరించుట కూడ జరుగుచున్నది.

ఇందులో ఏ మెట్టు దగ్గరనైనను బిడ్డ ఒక్క మాట ఇంట్లో చెప్పితే సహాయము దొరుకుతుంది. ఎందుకు చెప్పరు? చెప్పితే సెల్లు పోతుంది. ఆడపిల్లకైతే సెల్లుతో పాటు కాలేజీ పోతుంది. ఆత్మకూరు బస్సు ఎక్కుట మాన్పించి సంబంధాలు చూడడం మొదలుపెడతారు. నాయనకు తెలిస్తే పని విడిచి వచ్చేస్తాడేమో, అవ్వను తిడతాడేమో అని ఇంకొక దిగులు. బెదిరించేవానికి ఇదంతా తెలుసు. "మీ ఇంట్లో చెప్తాను" అన్నదే వాని బలము. ఇంట్లో ముందే తెలిసియుంటే ఆ బలము సగము పోయినట్లే.

కనుక ఏ ఆపదయు రాకముందే పిల్లలను కూర్చుండబెట్టి ఈ మాట ఇవ్వండి: "నీవు ఏమి పంపినా, ఎవరితో మాట్లాడినా, మాతో చెప్పితే కొట్టము, చదువు మాన్పించము, సెల్లు లాక్కొనము." నాయనయే వీడియో కాల్‌లో చెప్పితే మరీ మంచిది. నిలబెట్టుకొనుట కష్టమే. కోపము వస్తుంది. ఆ కోపము బిడ్డ మీద గాక బెదిరించినవాని మీద చూపవలసినది.

బిడ్డ చెప్పిన రోజున భయపడి మెసేజీలను చెరిపివేయవద్దు, అవే సాక్ష్యము. ఖాతా పేరుతో సహా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. డబ్బు పంపవద్దు. పంపియుంటే ఆలస్యము చేయక 1930కి ఫోను చేయండి. పిల్లల సహాయమునకు 1098 రాత్రింబగళ్లు పనిచేయును. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటినుండియే ఫిర్యాదు వ్రాయవచ్చును గనుక ఉదయగిరి నుండి నెల్లూరు దాక ప్రయాణము చేయనక్కరలేదు.

పోలీసులంటే మనవారికి జంకు. అయితే 2012లో వచ్చిన పోక్సో చట్టము 18 ఏండ్లలోపు ఆడపిల్లలకు, మగపిల్లలకు సమానముగా వర్తించును. బిడ్డ వాంగ్మూలమును ఇంటివద్దనో, బిడ్డ కోరిన చోటనో తీసికొనవలెను. సాధ్యమైనంతవరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసికొనవలెను, ఆ సమయమున యూనిఫారము ఉండరాదు. బిడ్డను రాత్రివేళ స్టేషనులో ఉంచరాదు. బిడ్డ పేరు, ఊరు పత్రికలకెక్కరాదు. ఈ సంగతి తెలియక ఎన్ని ఇండ్లు "పరువు పోతుంది" అని మిన్నకున్నవో!

ఇక సెల్లులో చేయవలసినది ఒకటి ముఖ్యము. ఖాతా తెరచునప్పుడు పుట్టిన సంవత్సరము నిజముగా వ్రాయించండి. ఇన్‌స్టాగ్రామ్ 2025 నుండి మన దేశములో 18 ఏండ్లలోపువారి ఖాతాలను తనంతట తానే ప్రైవేటుగా ఉంచుచున్నది, ముక్కుమొగము తెలియనివారి మెసేజీలను ఆపుచున్నది. 16 ఏండ్లలోపువారు ఆ కట్టుబాట్లను సడలించుకొనవలెనంటే తల్లిదండ్రుల అనుమతి కావలెను. అన్నయో, సెల్లు షాపు కుర్రవాడో 1995 అని వేసి తెరచి ఇస్తే ఈ కాపుదల దొరకదు.

పెద్దలమైన మన సంగతి కూడ చెప్పుకొనవలెను. 2024 జూలైలో ఒక తండ్రి, చిన్న కూతురు ఉన్న సరదా వీడియోను పట్టుకొని, ఒక తెలుగు యూట్యూబరు, అతని స్నేహితులు నోటితో చెప్పరాని మాటలాడి నవ్వుకొన్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దానిని బయటపెట్టి చర్య తీసికొనవలెనని రెండు రాష్ట్రాల నాయకులను కోరగా, తెలంగాణ పోలీసులు ఆ యూట్యూబరును అరెస్టు చేసిరి. ఆ వీడియోలో తప్పేమియు లేదు. అయినను ఒకసారి అందరి ఎదుట పెట్టిన తరువాత దానిని ఎవరు, ఏ కంటితో చూచెదరో మన చేతిలో లేదు.

మన సంఘాల పేజీలలో కూడ సండే స్కూలు పిల్లల ఫొటోలు పేరుతో, ఊరితో, చదివే బడితో సహా కనబడుచున్నవి. ఇంటివారిని అడిగి పెట్టండి, పేర్లు వ్రాయకండి. చెరువు దగ్గర బాప్తిస్మము పొంది తడిబట్టలతో నున్న ఆడపిల్లల ఫొటోలు మాత్రము ఎవరడిగినను పెట్టవద్దు. అవి ఇంట్లో ఆల్బములో ఉంటే చాలును.